బండికీ కీళ్ళున్నాయి!

మనిషికి ముసలితనం ముందుగా మోకాళ్ళలో తెలుస్తుందంటారు. బండి సంగతీ అంతే. ఇంజను బాగానే ఉంటుంది, టైర్లు కొత్తవే, రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. అయినా గేరు వేసి క్లచ్చి వదిలేసరికి కింద ఎక్కడో 'టక్' మంటుంది. అది కీళ్ళ నొప్పి. దానికి మందు గ్రీజు. ఆ మందు వేళకు పడకపోతే ఆ నొప్పి బండితో పోదు, మనిషి ప్రాణం మీదికి కూడా వస్తుంది.

మన సావనీరులో ఏటా కథలూ, కవితలూ, విహారయాత్రా విశేషాలూ ఉంటాయి. ఈసారి ఒక జిడ్డు వ్యాసం కూడా ఉండనివ్వండని సంపాదకులను బతిమాలి ఇది రాస్తున్నాను. ఇంజనీరింగు చదివే మిత్రులకు యూనివర్సల్ జాయింటు సమీకరణం నోటికి వస్తుంది. పరీక్షలో అడిగితే పండగే. కాని ఆ జాయింటులోకి గ్రీజు ఎక్కడ కొడతారు, అది ఎక్కడ నుంచి బయటికి రావాలి అంటే మాత్రం మనలో చాలామంది తల గోక్కుంటాం. లారీ కింద పడుకొని పని చేసే క్లీనరు కుర్రాడికి ఆ సంగతి బాగా తెలుసు. అయితే, ఎందుకు రావాలో అతనికి ఎవరూ చెప్పలేదు. ఈ రెండు తెలివితేటలూ ఒకచోట కలవాలన్నదే నా కోరిక.

కీలు ఎందుకు?

లారీలో ఇంజనూ గేరుబాక్సూ చాసిస్‌కు బిగించి ఉంటాయి. వెనక యాక్సిలు అలా కాదు. అది కమాను కట్టల మీద వేలాడుతూ, గుంట వచ్చినప్పుడల్లా పైకీ కిందికీ ఊగుతుంది. గేరుబాక్సు తిప్పే తిప్పుడును ఈ ఊగే యాక్సిలుకు అందించాలి. మధ్యలో ఒక తిన్నని ఇనప కడ్డీ బిగించేస్తే మొదటి గుంటలోనే విరిగిపోతుంది. అందుకని కడ్డీకి బదులు గొట్టం లాంటి ప్రొపెల్లర్ షాఫ్టు పెట్టి, దానికి రెండు చివరలా రెండు కీళ్ళు అమరుస్తారు. అవే యూనివర్సల్ జాయింట్లు. యాక్సిలు కదిలినప్పుడు దూరం కూడా కాస్త పెరుగుతుంది, తరుగుతుంది. దానికోసం షాఫ్టులో ఒకచోట గాళ్ళు ఉన్న ముక్క మరో ముక్కలో జారేటట్లు చేస్తారు. అది స్లిప్ జాయింటు. షాఫ్టు మరీ పొడవైతే రెండు ముక్కలు చేసి నడుమ సెంటర్ బేరింగు పెడతారు. జీపులోనూ, ట్రాక్టరు వెనక యంత్రాలకూ, 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరు కారులోనూ ఇదే ఏర్పాటు.

ఇక జాయింటును విప్పి చూద్దాం. నడుమ కూడిక గుర్తులా నాలుగు చేతులున్న ఉక్కు ముక్క ఉంటుంది. షెడ్డులో దాన్ని 'క్రాసు' అంటారు. ఒక్కొక్క చేతికి ఒక్కొక్క కప్పు తొడిగి ఉంటుంది. కప్పు లోపల చుట్టూ సన్నని సూదుల వంటి రోలర్లు పేర్చి ఉంటాయి. కప్పు అంచున దుమ్మూ నీళ్ళూ పోకుండా సీలు. క్రాసు లోపల నాలుగు చేతుల్లోకీ సన్నని దారులు తొలిచి ఉంటాయి. ఆ దారులన్నీ కలిసేచోట పైకి ఒక చిన్న ముక్కు కనిపిస్తుంది. అదే గ్రీజు నిప్పిలు. ఆ ముక్కులోంచి పోసిన గ్రీజు నాలుగు దారులా నాలుగు కప్పుల్లోకీ పోవాలి. ఈ వ్యాసంలో ఒక్క మాట గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి: ముక్కు ఒకటే, ఆకలి గొన్న నోళ్ళు నాలుగు.

దొరల నుంచి ఒక విద్యార్థి దాకా

ఈ కీలుకు వంశవృక్షం పెద్దదే. ఇటలీ గణితవేత్త కార్డానో (1501–1576) పేరు మీద దీన్ని ఇప్పటికీ చాలా దేశాల్లో కార్డాన్ జాయింటు అంటారు. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ (1635–1703) దీన్ని ఆకాశాన్ని పరిశీలించే పరికరాలకు వాడి, 1676లో దాని గురించి రాశాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఇది హుక్స్ జాయింటు. అయితే దీన్ని మోటారు కారు కిందికి దించి, మూత వేసి, గ్రీజు నిలిచేటట్లు చేసి, వ్యాపారానికి పనికివచ్చేటట్లు చేసినవాడు క్లారెన్స్ స్పైసర్. ఆయన అప్పుడు అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో మనలాగే ఇంజనీరింగు విద్యార్థి! ఆ రోజుల్లో చాలా కార్లకు సైకిలుకు మల్లే గొలుసులే చక్రాలను లాగేవి. గొలుసు దుమ్ము తింటుంది, గోల చేస్తుంది. స్పైసర్ 1903లో పేటెంటు సంపాదించి, 1904లో న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్లెయిన్‌ఫీల్డులో జాయింట్ల తయారీ మొదలుపెట్టాడు. విద్యార్థి సంఘం సావనీరులో ఈ సంగతి చెప్పకపోతే పాపం తగులుతుందని చెబుతున్నాను.

ఒక చిత్రమైన లోపం

హుక్ కీలులో ఒక తిరకాసు ఉంది. షాఫ్టు కోణంలో ఉన్నప్పుడు, ఇటువైపు సమంగా తిప్పినా అటువైపు సమంగా తిరగదు. ఒక చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. నిమిషానికి 1000 చుట్ల చొప్పున తిప్పుతున్నామనుకోండి. కోణం 10 డిగ్రీలయితే అవతలి షాఫ్టు వేగం 985కూ 1015కూ మధ్య ఊగుతుంది. 20 డిగ్రీలయితే 940 నుంచి 1064 దాకా, 30 డిగ్రీలయితే 866 నుంచి 1155 దాకా! కోణం రెండింతలైతే ఊగిసలాట దాదాపు నాలుగింతలవుతుందన్న మాట.

మరి లారీ అదరకుండా ఎలా పోతోంది? రెండో కీలు మొదటి కీలు చేసిన తప్పును దిద్దుతుంది కనుక. ఒకటి పెంచినచోట ఇంకొకటి తగ్గిస్తుంది. అయితే దీనికి రెండు షరతులు. రెండు చివరలా కోణాలు సమానంగా ఉండాలి. షాఫ్టు రెండు చివరల ఫోర్కులూ ఒకే వరసలో ఉండాలి. స్లిప్ జాయింటును ఊడదీసి, గాళ్ళు ఒకటి అటో ఇటో తప్పించి ఎక్కించారా, రెండు కీళ్ళూ ఒకదాన్నొకటి దిద్దుకోవడం మానేసి కలిసి కుమ్ముతాయి. ఎంత గ్రీజు పోసినా ఆ అదురు పోదు. అందుకే తయారీదారు షాఫ్టు మీద బాణం గుర్తులు కొట్టి పంపుతాడు. అవి చెరిగిపోతే, విప్పకముందే మనమే ఉలితో చిన్న గాటు పెట్టుకోవాలి. ఈ ఒక్క గాటు ఎన్నో సెంటర్ బేరింగుల ప్రాణం కాపాడుతుంది.

సూదులు తిరగవు, ఊగుతాయి

మామూలు బేరింగులో గుండ్లు గుండ్రంగా దొర్లుతూ పోతాయి. అలా పోతూ పోతూ గ్రీజును తమతో పాటు లాక్కుపోయి అన్నిచోట్లా పూస్తాయి. యూనివర్సల్ జాయింటులో సూదులకు ఆ అదృష్టం లేదు. కోణం ఎంతో అంతమేరకే అవి అటూ ఇటూ ఊగుతాయి. ఒక చిన్న లెక్క వేద్దాం. లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోంది, అంటే నిమిషానికి 1000 మీటర్లు. చక్రం చుట్టుకొలత ఇంచుమించు 3.14 మీటర్లనుకుంటే చక్రం నిమిషానికి సుమారు 318 చుట్లు తిరుగుతుంది. వెనక యాక్సిలు పళ్ళ నిష్పత్తి 6 అనుకుంటే షాఫ్టు సుమారు 1900 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కొక్క సూదీ నిమిషానికి 1900 సార్లు ఉన్నచోటనే ఊగుతూ, లారీ లాగుడు భారమంతా మోస్తుంది.

ఇలా ఊగినప్పుడు సూది కింద గ్రీజు పక్కకు నలిగిపోతుంది. పోయినది దానంతట అది తిరిగి రాదు. అప్పుడు ఉక్కు మీద ఉక్కు రాసుకొని, క్రాసు చేతి మీద వరసగా సన్నని గాళ్ళు పడతాయి. పాత క్రాసు చూడండి, దువ్వెన పళ్ళతో నొక్కినట్లుంటుంది. గాడి పడ్డాక గ్రీజు కొట్టి లాభం లేదు, క్రాసు మార్చవలసిందే. అందుకనే ఈ కీలుకు గ్రీజు జీవితంలో ఒకసారి పెళ్ళి భోజనంలా కాదు, వేళకు కంచంలో పడే అన్నంలా అందాలి. ఇంకో వింత ఏమిటంటే, కోణం బొత్తిగా సున్నా అయినా ప్రమాదమే. అప్పుడు సూదులు ఊగనైనా ఊగవు, భారమంతా ఒకేచోట మోస్తాయి. కొద్దిపాటి కోణం కీలుకు వ్యాయామం వంటిది.

కందెన మన తాతలకూ తెలుసు

గ్రీజు అంటే ఏదో సీమ సరుకని అనుకోనక్కరలేదు. ఎద్దుబండి ఇరుసుకు ఆముదంలో మసి కలిపి కందెన పెట్టేవారు. బండితో పాటు కందెన గొట్టం వేలాడుతూ ఉండేది. కందెన ఎండితే ఇరుసు కీచుమని ఊరంతా వినిపించేది. రైతు బండి ఆపి, దిగి, కందెన పెట్టి గాని కదిలేవాడు కాదు.

గ్రీజులో చాలా భాగం నూనె. దాన్ని పట్టి ఉంచడానికి సబ్బు వంటి పదార్థం కలుపుతారు. తడిబట్ట నీళ్ళను పట్టి ఉంచినట్లు సబ్బు నూనెను పట్టి ఉంచి, ఒత్తిడి పడినప్పుడు కొంచెం కొంచెం వదులుతుంది. సోడియం సబ్బుతో చేసిన గ్రీజు నీళ్ళు తగిలితే కరిగి కారిపోతుంది. మామూలు కాల్షియం గ్రీజు నీళ్ళకు ఆగుతుంది గాని వేడికి ఆగదు. లిథియం గ్రీజు రెండింటికీ ఆగుతుంది. లారీ జాయింట్లకు సాధారణంగా వాడేది లిథియం సబ్బుతో చేసి, అధిక ఒత్తిడికి తగిన మందులు కలిపినది. డబ్బా మీద 'ఎన్.ఎల్.జి.ఐ. 2' అనీ, 'ఇ.పి.' అనీ ఉంటుంది. ఆ 2 అంకె గట్టిదనాన్ని తెలుపుతుంది. రంగు చూసి గ్రీజు కొనడం అంటే కవరు చూసి పుస్తకం కొనడమే. ఎరుపూ నీలమూ కంపెనీ వేసిన రంగులు మాత్రమే. ఒక రకం సబ్బు గ్రీజులో ఇంకో రకం కలిపితే రెండూ విరిగి పలచబడి కారిపోవచ్చు. అందుచేత మొదట వాడిన రకమే వాడాలి. మార్చదలిస్తే పాతదంతా బయటికి పోయేదాకా కొత్తది కొట్టాలి.

కొట్టే పద్ధతి

సెలవుల్లో విజయవాడ ఆటోనగరులో ఒక షెడ్డులో కొన్నాళ్ళు పని నేర్చుకున్నాను. అక్కడి పెద్ద మేస్త్రికి క్లాసు చదువు లేదు గాని, గ్రీజు విషయంలో ఆయన పట్టుదల మా ప్రొఫెసర్లకు తీసిపోదు. ఒక రోజు లారీ కింద ఉన్న కుర్రాడితో ఆయన మాట్లాడిన మాటలు ఇవి.

"ఏరా, నాలుగూ కక్కినయ్యా?"

"మూడు కక్కినయ్ మేస్త్రీ. నాలుగోది కక్కట్లేదు. మూడిట్లోంచి బాగా వస్తంది గదా, చాల్లే."

"మూడు కాళ్ళ మంచం మీద నువ్వు పడుకుంటావేంట్రా? షాఫ్టు తిప్పి మళ్ళీ కొట్టు."

ఈ సంభాషణలో పాఠమంతా ఉంది. నిప్పిలు దగ్గర కొట్టిన గ్రీజు తేలిక దారి చూసుకొని పోతుంది. మూడు కప్పుల దారులు ఖాళీగా ఉండి, నాలుగోదానిలో పాత గ్రీజు గడ్డకట్టి ఉంటే, కొత్తదంతా మూడింటిలోంచే బయటికి వస్తుంది. చూసేవాడికి జాయింటు నిండినట్లే ఉంటుంది. ఆ నాలుగోది మాత్రం పస్తు. జాయింటు పోయేది ఆ పస్తున్న చేతి దగ్గరే.

పద్ధతి వరసగా చెబుతాను. బండిని చదునైన నేల మీద నిలిపి, ఇంజను ఆపి, తాళం చెవి మన జేబులో వేసుకోవాలి. చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి ఎన్నడూ బండి కిందికి దూరకూడదు. స్టాండ్లు గాని, గట్టి చెక్క దిమ్మలు గాని ఉండాలి. గ్రీజు గన్ను పట్టుకొనేముందు నిప్పిలును గుడ్డతో శుభ్రంగా తుడవాలి. తుడవకపోతే ముక్కు మీది ఇసుకనే మనం లోపలికి ఎక్కించినవాళ్ళమవుతాం. తరవాత తొందరపడకుండా నెమ్మదిగా కొట్టాలి. నాలుగు కప్పుల సీళ్ళ దగ్గరా పాత గ్రీజు వచ్చి, దాని వెనక కొత్త గ్రీజు కనిపించేదాకా కొట్టాలి. ఒక కప్పు మొండికేస్తే షాఫ్టును నాలుగు వైపులకూ ఊపుతూ మళ్ళీ కొట్టాలి. అప్పటికీ రాకపోతే ఆ కప్పు బిగింపు కొంచెం సడలించి కొట్టి, తిరిగి బిగించాలి. అదీ కుదరకపోతే విప్పి చూడడమే.

స్లిప్ జాయింటుకు వేరే నిప్పిలు ఉంటుంది. దాని మూతకు గాలి పోవడానికి చిన్న రంధ్రం ఉన్న బండ్లలో, ఆ రంధ్రం నుంచి గ్రీజు వచ్చేదాకా కొట్టి, రంధ్రాన్ని వేలితో మూసి, సీలు దగ్గర గ్రీజు కనబడేదాకా మళ్ళీ కొట్టాలి. ఒక హెచ్చరిక: గాలి ఒత్తిడితో పనిచేసే గ్రీజు గన్ను మూతిని చేతికి ఆనించి పరీక్షించకూడదు. ఆ ఒత్తిడికి గ్రీజు చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోకపోతే వేలో చెయ్యో పోవచ్చు.

ఎన్నాళ్ళకొకసారి? బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన గడువే ప్రమాణం. అయితే ఆ గడువు మంచి రోడ్డుకు చెప్పింది. క్వారీలో, ఇసుక రేవులో, వరి చేల బురదలో తిరిగే బండికి ఆ గడువు దాకా ఆగకూడదు. వాగు దాటి వచ్చిన బండికీ, నీళ్ళ పైపుతో గట్టిగా కడిగిన బండికీ ఆ రోజే గ్రీజు కొట్టడం మంచిది.

బయటికి వచ్చిన పాత గ్రీజును తుడిచేసేముందు ఒకసారి వేళ్ళ మధ్య నలిపి చూడండి. అది వైద్యుడికి నాడి వంటిది. నల్లగా, మెత్తగా ఉంటే మామూలే. పాలలా తెల్లబడితే నీళ్ళు చేరాయి. ఎర్రగా తుప్పు పొడిలా రాలితే ఆ కప్పు చాలాకాలంగా పస్తుంది. మెరిసే ఇనప రజను కనిపిస్తే సూదులు అరుగుతున్నాయి. ఈ చివరి రెండూ చూశాక గ్రీజు కొట్టి పంపించడం రోగికి అత్తరు పూయడం వంటిది.

విరిగితే ఏమవుతుంది?

ఆటను పట్టుకోవడం కష్టం కాదు. చక్రాలకు దిమ్మలు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఒక చేత్తో ఫ్లాంజినీ ఇంకో చేత్తో షాఫ్టునీ పట్టి ఎదురెదురుగా తిప్పండి; తరవాత పైకీ కిందికీ ఊపండి. కప్పు దగ్గర ఏమాత్రం కదలిక కనిపించినా క్రాసుకు కాలం చెల్లినట్లే. నెమ్మదిగా పోయేటప్పుడు కిచకిచమంటే గ్రీజు ఎండింది. బండి కదిలేటప్పుడు 'టక్' మంటే ఆట వచ్చింది. వేగం పెరిగే కొద్దీ నేల అదిరితే ఇక ఆలస్యం పనికిరాదు.

వెనక జాయింటు విరిగితే షాఫ్టు రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. ముందు జాయింటు విరిగితే మరీ ఘోరం. షాఫ్టు ముందు కొస కిందికి పడి నేలలో గుచ్చుకోవచ్చు. అప్పుడు బండి దాని మీదికి లేస్తుంది. గుచ్చుకోకపోయినా తిరుగుతున్న షాఫ్టు పక్కనున్న బ్రేకు గొట్టాలను కొట్టి తెంపవచ్చు. అందుకే షాఫ్టు చుట్టూ ఇనప గార్డు పెడతారు. మరమ్మతులో విప్పిన ఆ గార్డును తిరిగి బిగించకుండా మూలన పడేయడం మన షెడ్లలో తరచుగా చూస్తాం.

ఇంకో సంగతి ఘాటు రోడ్లమీద తిరిగేవారు మరీ గుర్తుంచుకోవాలి. పాత జీపుల్లో హ్యాండుబ్రేకు చక్రాలను కాక గేర్ల పెట్టె వెనక ఉన్న డ్రమ్మును పట్టుకుంటుంది. జాయింటు తెగితే ఆ డ్రమ్ముకూ చక్రానికీ సంబంధం తెగుతుంది. ఇక హ్యాండుబ్రేకు వేసినా, గేరులో వదిలినా బండి ఆగదు. షాఫ్టు విప్పేముందు చక్రాలకు దిమ్మలు పెట్టమనడం ఇందుకే.

కారూ, ట్రాక్టరూ

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక ముందు చక్రాలే లాగే కార్లు మనకు బాగా అలవాటయ్యాయి. వాటిలో హుక్ కీలు కాక, ఎంత కోణంలోనైనా వేగం మారని జాయింటు ఉంటుంది. ఆల్ఫ్రెడ్ ర్జెప్పా 1926లో గుండ్లతో రూపొందించిన కీలు ఆ జాతికి పెద్ద. దానికి నిప్పిలు ఉండదు; మాలిబ్డినం కలిపిన నల్లటి గ్రీజు నింపి మడతల రబ్బరు తొడుగు వేస్తారు. అక్కడ గ్రీజు కొట్టడం కాదు, తొడుగు చూడడమే మన పని. చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మినట్లు కనిపిస్తే తొడుగు చిరిగింది. అప్పుడే మారిస్తే తొడుగుతో పోతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు కటకటమనేదాకా ఆగితే జాయింటే మార్చాలి.

పల్లెటూరి మిత్రులకు ట్రాక్టరు మాట. ట్రాక్టరు వెనక రోటవేటరును తిప్పే పి.టి.ఓ. షాఫ్టుకూ ఇవే క్రాసులు. పనిచేసే ప్రతి 8 గంటలకూ గ్రీజు కొట్టమని సాధారణంగా పుస్తకాల్లో ఉంటుంది. ఆ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. పంచె కొంగో, చీర చెంగో తగిలితే రెప్పపాటులో రెండు మూడు చుట్లు చుట్టుకుంటుంది. చెయ్యి వెనక్కి తీసుకొనే వ్యవధి ఉండదు. గ్రీజు కొట్టడానికి అడ్డమని దాని మీది ప్లాస్టిక్ తొడుగును తీసి గట్టున పడేస్తారు. ఇంజను ఆపి, గ్రీజు కొట్టి, తొడుగు వేశాకనే మళ్ళీ తిప్పాలి. ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నకో, పెదనాన్నకో, పొలంలో పనిచేసే అన్నలకో ఈ మాట చెప్పండి. ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఫరవాలేదు.

చివరిగా ఒక మాట. ఇంత ముఖ్యమైన పనిని మన దేశంలో ఎవరి చేతిలో పెట్టాం? బండి మీద అందరికంటే తక్కువ జీతం తీసుకొనే క్లీనరు చేతిలో. రాత్రంతా మేలుకొని, తెల్లవారి లారీ కింద వెల్లకిలా పడుకొని, కళ్ళలో దుమ్ము పడుతుంటే అతను నాలుగో కప్పు దాకా చూడాలి. చూడకపోతే అడిగేవాడు లేడు. చూస్తే మెచ్చుకొనేవాడూ లేడు. రేపు మనలో కొందరం డిపోల్లో, ఫ్యాక్టరీల్లో అధికారులమవుతాం. రిజిస్టరులో 'గ్రీజింగు అయినది' అన్న చోట సంతకం పెట్టేముందు "నాలుగూ వచ్చాయా, తమ్ముడూ?" అని ఒక్క మాట అడుగుదాం. అతను "మూడే వచ్చాయి సార్" అంటే కోప్పడకుండా బండిని ఆ పూట ఆపుదాం. భయం లేకుండా నిజం చెప్పగలిగిన క్లీనరు ఉన్న బండే క్షేమంగా ఊరు చేరుతుంది.